హైడన్ 60వ సింఫనీ: నాటకం తెలియకుండా వింటే హాస్యం అందుతుందా?

విభాగం: పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం

మోహన_కళ్యాణి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. కొంతకాలంగా 18వ శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం రాసిన, కొన్ని భాగాలుగా సాగే పెద్ద రచనలు) వరసపెట్టి వింటున్నాను. 60వ దాని దగ్గరికి వచ్చి ఆగిపోయాను. సి మేజర్‌లో ఉంటుంది, 'ఇల్ దిస్త్రాత్తో' (పరధ్యానం మనిషి) అని పేరు. దీని గురించి మనవాళ్లతో మాట్లాడాలనిపించి ఈ చర్చ తెరిచాను.

వినని వారి కోసం కొంచెం నేపథ్యం. ఫ్రెంచ్ నాటకకర్త రెన్యార్ 1697లో ఐదంకాల హాస్యనాటకం ఒకటి రాశాడు. నాయకుడు లెయాండ్ర్ ఎప్పుడూ పరధ్యానమే. ఒకరితో మాట్లాడుతూ ఇంకొకరి గురించి ఆలోచిస్తాడు, చివరికి తన పెళ్లి సంగతి కూడా మర్చిపోతాడు. 1774లో కార్ల్ వార్ నాటక బృందం దాన్ని జర్మన్‌లో, హంగరీలో ఎస్తర్‌హాజీ ప్రభువుల ఎస్తర్‌హాజా కోటలో ఆడింది. అప్పటికి ఆ ప్రభువుల కొలువులో సంగీతం అంతా హైడన్ చేతిలోనే ఉంది. ఆ నాటకం కోసం ఆయన కట్టిన సంగీతమే ఈ సింఫనీ. ఆ రోజుల్లో సింఫనీ అంటే మూడో నాలుగో భాగాలు. దీనికి ఆరు.

మొదటి భాగంలో ఒక చోటు నాకు చాలా ఇష్టం. నెమ్మదిగా, దర్జాగా మొదలై, తర్వాత వేగం అందుకుంటుంది. బాగా పరుగెత్తుతున్న సంగీతం రెండో వరస దగ్గరికి రాగానే ఒకే స్వరసంపుటి మీద ఉండిపోతుంది. అదే అదే అదే. స్థాయి తగ్గుతూ పోతుంది. అక్కడ ఆయన స్కోరులో (వాద్యకారులకు స్వరాలు రాసిచ్చే ప్రతిలో) 'పెర్దెందోసి' అని రాశాడు, కరిగిపోతూ వాయించమని. ఎక్కడున్నామో, ఏం వాయిస్తున్నామో అందరూ మర్చిపోయినట్టు అనిపిస్తుంది. ఇంతలో ఉలిక్కిపడి ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారిగా గట్టిగా అందుకుంటుంది. ఇంకాస్త ముందుకు వెళితే, హైడన్ తనదే 45వ సింఫనీ మొదటి వరసను ఇందులోకి తెస్తాడు. వేరే పాటలోకి దారి తప్పినట్టన్నమాట!

నా ప్రశ్న ఇది. నాటకం కథ ఏమీ తెలియకుండా ఇవన్నీ వింటే నవ్వు వస్తుందా? లేక కథ చెప్పాక మనమే నవ్వు వెతుక్కుంటున్నామా?

తీగల_సవ్వడి

మంచి చర్చ మొదలుపెట్టారండీ. నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, తర్వాత పాశ్చాత్య పద్ధతిలోకి వచ్చినదాన్ని. ఆఖరి భాగం గురించి చెప్తాను.

ప్రెస్తిస్సిమో. ఎంత వేగంగా కుదిరితే అంత వేగంగా వాయించాలి. అందరూ మహా ఉత్సాహంగా మొదలుపెడతారు, కొన్ని బార్లు (తాళపు ఆవర్తనాల్లాంటివి) అయ్యాక హఠాత్తుగా ఆగుతారు. వయొలిన్లు శ్రుతి చేసుకోవడం మొదలుపెడతాయి! ఖాళీ తీగలు రెండేసి కలిపి వాయిస్తూ కిందికి వస్తారు. అన్నిటికంటే కింది తీగ జి స్వరంలో ఉండాలి కదా, అది ఎఫ్‌లో ఉంటుంది. అంటే పక్క తీగతో సా–పా లా కలవాల్సింది కలవదు. ఆ తప్పు శ్రుతి అందరికీ వినపడుతుంది. అందరి ముందూ మరను తిప్పి ఎఫ్ నుంచి జి దాకా లాగి, కుదిరాక, ఏమీ జరగనట్టు మళ్లీ పరుగు అందుకుంటారు. ఇదంతా స్కోరులో స్వరాలుగా రాసి ఉంది.

ఇక్కడ మన చెవికీ వాళ్ల చెవికీ తేడా ఉంది. మన కచేరీలో శ్రుతి చూసుకోవడం తప్పు కాదు. రాగాలాపన మధ్యలో వయొలిన్ విద్వాంసులు తీగ సవరించుకుంటారు, మృదంగం వారు రాయితో అంచు మీద తట్టుకుంటారు, తంబురా వాళ్లు చెవి ఆనించి వింటారు. సభలో ఎవరూ పట్టించుకోరు. పైగా శ్రుతి శుద్ధంగా ఉండాలన్న శ్రద్ధ చూసి సంతోషిస్తాం. ఆర్కెస్ట్రా పద్ధతి అలా కాదు. కచేరీకి ముందే ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం ఇస్తుంది, అందరూ దానికి కలుపుకుంటారు, అక్కడితో సరి. ఆఖరి భాగం మంచి ఊపులో ఉండగా ఆపి తీగలు బిగించడం అంటే, నటుడు అంకం మధ్యలో మీసం సరిగా అతికించుకోవడం లాంటిది. ఆ కట్టుబాటు మనసులో ఉన్నవాళ్లకే చమత్కారం వెంటనే తగులుతుంది.

కాబట్టి మోహన గారి ప్రశ్నకు నా జవాబు: ముందు తెలియాల్సింది కథ కాదు, కట్టుబాటు.

కచేరీ_కబుర్లు

నేను కొంచెం అడ్డం తిరుగుతాను, ఏమీ అనుకోకండి.

మాట లేని సంగీతం జోకు చెప్పలేదు అని నా అభిప్రాయం. సంతోషంగా ఉండగలదు, చలాకీగా ఉండగలదు. జోకు వేరు. మీరిద్దరూ చెప్పింది చదివాక ఆ చోట్లు నాకు బాగున్నాయి, కానీ ముందుగా విన్నప్పుడు 'ఇక్కడ రికార్డింగ్‌లో ఏదో తేడా' అనుకుని ఊరుకున్నాను. వివరించాక వచ్చే నవ్వు వివరణకు వచ్చిన నవ్వు.

హాస్యనాటకం సంగీతం అయ్యే దారి నాకు తెలిసి ఒపేరా, అంటే పాటల్లోనే నడిచే నాటకం. బొమార్షే రాసిన 'ఫిగరో పెళ్లి' నాటకం మీద మోట్సార్ట్ 1786లో వియన్నాలో చేసింది చూడండి. రెండో అంకం చివర ఇద్దరితో మొదలై ఒక్కొక్కరే వచ్చి చేరుతూ ఏడుగురు అవుతారు, ఒక్కొక్కరిదీ ఒక్కో గోల, అంతా ఒకే తాళంలో నిలబడుతుంది. అక్కడ ఎవరు ఎవరిని బోల్తా కొట్టిస్తున్నారో మాటల వల్ల తెలుస్తోంది, సంగీతం దాన్ని పదింతలు చేస్తోంది. అదే బొమార్షే అంతకుముందు రాసిన మంగలి ఫిగరో నాటకాన్ని రోసీనీ 1816లో రోములో ఒపేరా చేశాడు. దాని ఓవర్చర్ (తెర లేవకముందు వాయించే సంగీతం) ఆ నాటకం కోసం రాసింది కాదు, తన పాత ఒపేరాల నుంచే తెచ్చి పెట్టాడు. వాటిలో ఒకటైతే గంభీరమైన చారిత్రక కథ. ఇప్పుడు అందరూ అది వినగానే మంగలి ఫిగరోను తలుచుకుని నవ్వుకుంటారు! సంగీతంలోనే హాస్యం ఉంటే ఆ గంభీర కథ ముందు ఎలా ఇమిడింది?

తెర_వెనక

కబుర్లు గారి రోసీనీ పాయింట్ గట్టిది. దాని గురించి ఆలోచించాలి. అయితే హైడన్ విషయంలో ఒకటి గమనించాలి. ఇది నాటకం గురించి రాసిన సంగీతం కాదు, నాటకం ఆడుతుండగా వాయించిన సంగీతం.

నేను నాటకాల వాణ్ణి, ఆ వైపు నుంచి చెప్తా. ఐదంకాల నాటకానికి అంకాల మధ్య ఖాళీలు నాలుగు. ముందు ఒక ఓవర్చర్, ఆఖర్న ఒకటి. లెక్క ఆరు. సింఫనీకి ఆరు భాగాలు ఎందుకో ఇక వేరే చెప్పక్కర్లేదు. కొవ్వొత్తుల వెలుగులో ఆడే రోజులవి. అంకం అయ్యాక వత్తులు కత్తిరించాలి, సామాను జరపాలి, నటులు ఊపిరి పీల్చుకోవాలి. ప్రేక్షకులు లేచి పోకుండా, మాటల్లో పడిపోకుండా సంగీతం పట్టుకోవాలి. మన పద్యనాటకాల్లో తెర పడినప్పుడు హార్మోనియం మాస్టారు చేసే పని ఇదే కదా. సురభి నాటకాలు చూసినవారికి తెలుసు, సెట్టు మారే ఆ కాస్త సేపూ పక్కనున్న హార్మోనియం, తబలా ఎంత బరువు మోస్తాయో.

అలా చూస్తే, ఒక అంకంలో లెయాండ్ర్ వెర్రిమొర్రి పనులు చూసి నవ్వి ఉన్న జనం ముందు ఆర్కెస్ట్రా కూడా అదే జబ్బు తగిలినట్టు వాయిస్తుంది. నవ్వు అప్పటికే గదిలో ఉంది. సంగీతం దాన్ని తరువాతి అంకం దాకా మోసుకెళ్తుంది. కబుర్లు గారు సింఫనీని ఒంటరిగా విని జోకు లేదంటున్నారు. దాన్ని ఒంటరిగా వినమని రాయలేదు.

రైన్_తీరం

జర్మనీ నుంచి రాస్తున్నాను. తెర_వెనక గారు చెప్పినదానికి ఆనాటి సాక్ష్యం ఉంది. ప్రెస్‌బర్గ్ (ఇప్పుడు బ్రాటిస్లావా) పత్రిక 1774లోనే ఈ సంగీతం గురించి రాసింది. అదే ఏడాది నవంబరులో ఆ ఊళ్లో ఆడినప్పుడు ఆఖరి భాగాన్ని జనం మళ్లీ వాయించమని పట్టుబట్టారట. అంటే మన నాటకాల భాషలో వన్స్‌మోర్!

ఆ పత్రిక ఆ భాగాన్ని అర్థం చేసుకున్న తీరు నాకు చాలా నచ్చింది. నాటకంలో నాయకుడు తాను పెళ్లికొడుకునని మర్చిపోకుండా రుమాలుకు ముడి వేసుకుంటాడు. వాద్యకారులు ఆర్భాటంగా మొదలుపెట్టి, శ్రుతి చేసుకోలేదన్న సంగతి ఆలస్యంగా గుర్తు తెచ్చుకోవడం దానికి జోడీ అని రాశారు. అంటే తొలి శ్రోతలకు కథ, కట్టుబాటు రెండూ కలిసే అందాయి. ఇక్కడ రెండు జవాబులూ సరిపోతున్నాయి.

ఇంకో సంగతి. 1803లో, హైడన్ ముసలివాడయ్యాక, సామ్రాజ్ఞి ఈ సింఫనీ వినాలని కోరింది. పాత ప్రతి పంపమని ఆయన ఎస్తర్‌హాజీల ఊరు ఐజన్‌స్టాట్‌కు ఉత్తరం రాస్తూ దాన్ని చాలా చులకనగా ప్రస్తావించాడు. 'క్రియేషన్' లాంటి గంభీరమైన రచన చేసిన మనిషికి అప్పటికి ఇది పాత తమాషాలా కనిపించి ఉండొచ్చు. నేను మాత్రం సామ్రాజ్ఞి పక్షం. ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఒక నాటకపు సంగీతాన్ని అడిగి మరీ వినాలనుకున్నారంటే, అది నాటకం లేకుండానే నిలబడింది.

వెదురు_గొంతు

హాస్యనాటకం, శాస్త్రీయ సంగీతం అంటూ జర్మన్ స్వరకర్త మెండెల్సొన్ పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదేంటి!

షేక్‌స్పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' చదివి 1826లో ఓవర్చర్ రాసినప్పుడు అతనికి 17 ఏళ్లు. ముందు వుడ్‌విండ్ వాద్యాలు (ఫ్లూటు, ఓబో లాంటి ఊదే వాద్యాలు) నాలుగు స్వరసంపుటాలు మెల్లగా పలుకుతాయి, అంతే, అడవిలోకి వెళ్లిపోతాం. తర్వాత వయొలిన్లు నాలుగు పాయలుగా చీలి, అతి సన్నగా, అతి వేగంగా యక్షిణుల్లా గిరగిరా తిరుగుతాయి. అంత సున్నితంగా సాగుతుండగా ఒక మోటు నాట్యం వస్తుంది, అందులో వయొలిన్లు పైనుంచి కిందికి ఒక్క దూకు దూకుతాయి. గాడిద ఓండ్ర! నాటకంలో బాటమ్ అనే నేతగాడికి గాడిద తల వస్తుంది కదా, అది. నేను ఫ్లూటు వాయిస్తాను కాబట్టి, ఇదే నాటకానికి అతను రాసిన స్కెర్జో అనే చలాకీ భాగం గురించి చెప్పకుండా ఉండలేను. చివర్లో ఫ్లూటుకు ఊపిరి తీసుకునే సందు లేకుండా చిన్న చిన్న స్వరాలు పరుగు పెట్టిస్తాడు. ఎన్నేళ్లు సాధన చేసినా అక్కడికి వచ్చేసరికి టెన్షనే.

ఆ స్కెర్జో, వెడ్డింగ్ మార్చ్ వగైరా 17 ఏళ్లప్పుడు రాసినవి కావు. ప్రష్యా రాజు కోరిక మీద తర్వాత రాశాడు, 1843 అక్టోబరులో పోట్స్‌డామ్‌లో నాటకంతో పాటు వాయించారు. నడుమ అన్నేళ్లు గడిచినా పాత ఓవర్చర్‌తో అతుకు కనపడదు. ఇప్పుడు మన ఊళ్లలో కూడా చర్చి పెళ్లిళ్లలో కీబోర్డు మీద వాయించే ఆ మార్చ్ ఒక హాస్యనాటకంలోది అని ఎంతమందికి తెలుసు?

కబుర్లు గారూ, గాడిద ఓండ్రకు వివరణ కావాలా?

కచేరీ_కబుర్లు

గాడిద ఓండ్రకు వివరణ అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ అది అనుకరణ. కోయిల కూత, ఉరుము, గాడిద, ఇవి ఎవరైనా గుర్తుపడతారు. వాన్ విలియమ్స్ 1909లో కేంబ్రిడ్జిలో అరిస్టోఫనీస్ 'కందిరీగలు' నాటకానికి సంగీతం చేసినప్పుడు తీగవాద్యాలతో ఝుమ్మని రొద పెట్టించాడు. వినగానే తెలుస్తుంది, సరదాగా ఉంటుంది. అక్కడితో ఆగుతుంది.

జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ చూడండి. మోలియేర్ నాటకం 'బూర్జువా పెద్దమనిషి'కి ఆయన చేసిన సంగీతంలో విందు ఘట్టం ఉంది. రైన్ నది చేప వడ్డించేటప్పుడు వాగ్నర్ ఒపేరాలో రైన్ నది అలల వరస వినిపిస్తుంది. మాంసం రాగానే స్ట్రాస్ తన 'డాన్ కిహోటె'లో గొర్రెల మందకు రాసిన అరుపులు తెస్తాడు. వాగ్నర్ తెలిసినవాడికి, స్ట్రాస్ తెలిసినవాడికి పగలబడి నవ్వొస్తుంది. తెలియనివాడికి ఏముంది, చక్కని సంగీతం, అంతే. ఇది నా మాటనే బలపరుస్తోంది.

మోహన_కళ్యాణి

కబుర్లు గారూ, స్ట్రాస్ విందు సరైన ఉదాహరణే, కానీ హైడన్‌కు అది వర్తించదు అనుకుంటున్నాను. స్ట్రాస్ జోకుకు బయటి జ్ఞానం కావాలి. వాగ్నర్ ఒపేరా వేరేచోట ఉంది, మనం దాన్ని తెచ్చుకోవాలి. హైడన్ చాలావరకు తనకు కావాల్సిందంతా ఆ నిమిషంలోనే మన చెవిలో పెడతాడు. ముందు దర్జా అలవాటు చేస్తాడు, తర్వాత వేగం అలవాటు చేస్తాడు, అప్పుడు మర్చిపోయినట్టు ఆగుతాడు. ఏది రావాలో మనకు తెలిసేలా చేసి అది రానివ్వడు. ఎదురుచూపు పెంచడం, దాన్ని తప్పించడం, ఇది తాళం తెలిసిన మనవాళ్లకు కొత్త కాదు. తనియావర్తనంలో (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) తీర్మానం వేసి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వస్తారనుకున్న చోట విద్వాంసుడు తప్పించుకుని వెళ్తే సభలో నవ్వులు వినిపిస్తాయి. ఆ నవ్వుకు కథ లేదు, మాట లేదు.

రోసీనీ ప్రశ్నకు కూడా ఇదే జవాబు. ఆ ఓవర్చర్‌లో ఉన్నది చలాకీతనం, దాన్ని ఏ కథ ముందైనా పెట్టొచ్చు. శ్రుతి చేసుకునే ఆ చోటును గంభీరమైన చారిత్రక కథ ముందు పెట్టి చూడండి. కుదరదు.

45వ సింఫనీ వరస ఒక్కటే ఇందుకు మినహాయింపు, అది ఆ కొలువులో వారికి తెలిసిన సరుకు. అది తెలియకపోయినా, ఎక్కడిదో పరాయి వరస వచ్చిపడిందన్న సంగతి తెలుస్తూనే ఉంటుంది.

కొత్త_చెవి

నమస్కారం. నేను సినిమా పాటలు తప్ప వేరే వినలేదు. ఈ చర్చ చదివాక ఆఖరి భాగం విన్నాను. శ్రుతి చేసుకోవడం మొదలయ్యేసరికి నిజంగా ఉలిక్కిపడ్డాను! ఏది కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, పెద్దలు చెప్పగలరు.

రైన్_తీరం

కొత్త_చెవి గారూ, స్వాగతం. కొనక్కర్లేదు, స్ట్రీమింగ్‌లో అన్నీ ఉన్నాయి. అంతాల్ దొరాతి హంగరీ వాద్యకారులతో చేసిన పూర్తి వరసలో ఒకటి ఉంది, తూకంగా ఉంటుంది. ఆడం ఫిషర్ ఐజన్‌స్టాట్‌లో ఎస్తర్‌హాజీల పాత భవనంలోనే రికార్డు చేశాడు. ఆ హాలు ధ్వనిలో వినడం ఒక ఆనందం. జొవాన్ని ఆంతొనీని 'ఇల్ జార్దీనో ఆర్మోనికో' బృందంతో చేసింది నా సొంత ఎంపిక. పాత కాలపు వాద్యాలు, మలుపులు పదునుగా ఉంటాయి.

నాలుగు, ఐదు, ఆరు భాగాలు ఆపకుండా వినండి. నాలుగోది సి మైనర్‌లో ఆవేశంగా మొదలై మధ్యలో జానపద వరసలు తోసుకొస్తాయి. ఐదోది నెమ్మదైన అడాజియో, హాయిగా పాడుతుండగా సంబంధం లేకుండా భేరీనాదం వచ్చిపడుతుంది, పోతుంది, పాట మళ్లీ ఏమీ ఎరగనట్టు సాగుతుంది. దాని తర్వాతే ఆరోది.

తీగల_సవ్వడి

వాయించేవారి వైపు నుంచి ఒక మాట చెప్పి ఆపుతాను. ఈ మధ్య కొన్ని ప్రదర్శనల్లో ఆఖరి భాగాన్ని బాగా నటించేస్తున్నారు. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టరు తల పట్టుకోవడం, మొదటి వయొలిన్ కోపంగా చూడటం, అందరూ చేతులు ఊపడం. జనం నవ్వుతారు, నిజమే. నాకు మాత్రం అది బాధగా ఉంటుంది. ఆ నవ్వు మొహాలకు వచ్చింది, హైడన్ రాసిన ఆ తప్పు ఎఫ్ ఎవరికీ వినపడదు.

పరధ్యానం మనిషికి తాను నవ్వు పుట్టిస్తున్నానని తెలియదు. లెయాండ్ర్ పాత్ర అంతా దాని మీదే నడుస్తుంది. వాయించేవాళ్లు కూడా అలాగే ఉండాలి. శ్రుతి సరిచేసుకునేటప్పుడు నిజంగా శ్రుతి వినాలి, ఎఫ్ నుంచి జి కి తీగ జాగ్రత్తగా ఎక్కించాలి, తొందరపడకూడదు. విద్యార్థులతో చేయించేటప్పుడు నేను చెప్పేది ఒక్కటే: ఇది పరీక్ష అనుకోండి, జోకు అనుకోకండి. అలా వాయిస్తే ముందు వరసలో ఎవరో ఒకరు నవ్వు ఆపుకోలేక దగ్గుతారు, తర్వాత హాలంతా అందుకుంటుంది.

తెర_వెనక

అక్షరాలా నిజం మేడమ్. నాటకంలోనూ అంతే. తాను హాస్యం చేస్తున్నానని తెలిసిన నటుణ్ణి చూసి జనం మొదటి అంకంలో నవ్వుతారు, రెండో అంకానికి విసుగుపడతారు.

కచేరీ_కబుర్లు

నాటకం అక్కర్లేదన్న మాట నాకు ఇంకా పూర్తిగా ఎక్కలేదు, కానీ తనియావర్తనం పోలిక దగ్గర నా దగ్గర జవాబు లేదు. సమం తప్పించినప్పుడు నేనే నవ్విన సందర్భాలు ఉన్నాయి. ఆంతొనీని రికార్డింగ్ ఇవాళ రాత్రి పెట్టుకుంటాను. మోహన గారూ, మీరు చెప్పిన 'పెర్దెందోసి' చోటు మొదటి భాగంలో మళ్లీ చివర్లో కూడా వస్తుందా?

మోహన_కళ్యాణి

వస్తుందండీ. రెండో వరస తిరిగి వచ్చినప్పుడు దాంతోపాటే. ఈసారి అది ఆగబోతోందని మీకు ముందే తెలుసు, అయినా మళ్లీ గట్టిగా అందుకున్నప్పుడు ఉలిక్కిపడతారు. విని రాయండి.